పాత కిటికీలు మారుస్తున్నారా? బయానా ఇచ్చే ముందు తెలుసుకోవలసిన సంగతులు

గోదావరి జిల్లాల్లో నలభై, యాభై ఏళ్ల కిందట నిర్మించిన పెంకుటిళ్లు, డాబా ఇళ్ల కిటికీలు ఒక్కొక్కటిగా మార్పిడికి వస్తున్నాయి. నాడు ఏజెన్సీ టేకుతోనో, మద్ది, వేప కలపతోనో చేయించిన చట్రాల అడుగు భాగాన చెదలు పట్టడం, వానాకాలంలో రెక్కలు ఉబ్బి మూతపడకపోవడం, ఊచలు తుప్పుపట్టడం ఇందుకు ముఖ్య కారణాలు. వీటి స్థానంలో యు.పి.వి.సి., అల్యూమినియం కిటికీలను యజమానులు ఎంచుకుంటున్నారు. దుకాణంలో నమూనా చూసి, ధర మాట్లాడుకొని, బయానా ఇవ్వడం తేలికే. గోడ పగులగొట్టిన నాటి నుంచి చివరి రంగు వేసే వరకు జరిగే పని మాత్రం అంత తేలిక కాదు. అనుకున్న దానికంటే ఖర్చు పెరగడం, రోజుల తరబడి కిటికీ లేని గదిలో గడపవలసి రావడం, తీరా బిగించాక గదిలోకి వచ్చే గాలి తగ్గిపోవడం తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు.

మార్చవలసిందేనా?

కిటికీ పాతబడినంత మాత్రాన చట్రం చెడిపోయిందని భావించనవసరం లేదు. నీరు నిలిచేది అడుగు దుంగపైనే గనుక పుచ్చు సాధారణంగా అక్కడే మొదలవుతుంది. స్క్రూడ్రైవరు మొనతో అడుగు దుంగను, నిలువు దుంగల కింది జానెడు భాగాన్ని గట్టిగా పొడిచి చూడాలి. మొన సులువుగా దిగినా, తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చినా చెద లోపల తిన్నట్లే. మొన దిగకపోతే చట్రాన్ని ఉంచి రెక్కలను మాత్రం మార్చుకోవచ్చు. కేవలం అడుగు దుంగ ఒక్కటే చెడినప్పుడు అనుభవం కలిగిన వడ్రంగి దానిని కోసి కొత్త దుంగను అతకగలడు. పాత టేకు చట్రాన్ని పదిలపరచుకోవడమే చాలా ఇళ్లకు మేలైన మార్గమని చెప్పవలసి ఉంటుంది. కిటికీలు అమ్మే దుకాణదారు ఈ మాట చెప్పకపోవడంలో ఆశ్చర్యం లేదు.

చట్రం దక్కినా గోడలోని చెద దక్కనివ్వదు. పుట్ట ఎక్కడి నుంచి వస్తున్నదో కనిపెట్టి పునాది వెంట మందు వేయించనిదే కొత్త కలపను బిగించడం వృథా. యు.పి.వి.సి.ని, అల్యూమినియంను చెద తినదు గాని వాటి పక్కనున్న గుమ్మాన్ని వదిలిపెట్టదు.

గాలి లెక్క

కొత్త కిటికీల్లో ఎక్కువ మంది కోరుకునేవి పక్కకు జరిపే స్లైడింగ్ రకం. చూపునకు ఇంపుగా ఉంటాయి, గాలివానకు రెక్కలు కొట్టుకోవు, బయటి స్థలాన్ని ఆక్రమించవు. అయితే రెండు అద్దాల స్లైడింగ్ కిటికీ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. మిగిలిన సగంలో రెండు అద్దాలూ ఒకదాని వెనుక ఒకటి నిలిచి ఉంటాయి. పాత రెక్కల కిటికీ దాదాపు పూర్తిగా తెరుచుకునేది.

ఉక్కపోత అధికంగా ఉండే తేమ ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో కనీసం ఆరో వంతు కిటికీలు, వెంటిలేటర్ల తెరపు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ సూచిస్తున్నది. మన కోస్తా జిల్లాలు ఈ కోవకే చెందుతాయి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల పడకగది వైశాల్యం 120 చదరపు అడుగులు. అందులో ఆరో వంతు 20 చదరపు అడుగులు. ఆ గదికి 4 అడుగుల కొలతతో నలుచదరపు కిటికీలు రెండు ఉంటే మొత్తం 32 చదరపు అడుగులు, అంటే అవసరానికి మించి ఉన్నట్లు. అవే కిటికీలను స్లైడింగ్‌గా మారిస్తే గాలి వచ్చే భాగం 16 చదరపు అడుగులకు పడిపోతుంది. దానికి దోమల జాలి బిగిస్తే గాలి మరికొంత తగ్గుతుంది. ఏ.సి. లేని ఇంట్లో, కరెంటు పోయిన వేసవి రాత్రి ఈ తేడా ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

కనుక పడకగదులకు, వంటగదికి రెక్కల కిటికీలనే ఎంచుకోవడం మంచిది. స్లైడింగ్ తప్పనిసరి అనుకునేవారు మూడు ట్రాకులపై మూడు అద్దాలు జరిగే రకాన్ని అడగవచ్చు. అందులో మూడింట రెండు వంతులు తెరుచుకుంటుంది. గాలి కోసం కిటికీ తెరపును పెంచాలనుకున్నా, కొత్తగా గోడ తెరవాలనుకున్నా పంచాయతీ లేదా పురపాలక కార్యాలయంలో ముందుగా విచారించాలి. అపార్టుమెంట్లలో ఉండేవారు బయటి రూపం మారే ఏ పనికైనా సంఘం సమ్మతిని రాతపూర్వకంగా తీసుకోవాలి.

రెక్కల కిటికీకి ఒక చిక్కు ఉన్నది. యు.పి.వి.సి. కిటికీకి ఊచలు ఉండవు, గ్రిల్‌ను విడిగా బిగించాలి. రెక్క బయటకు తెరుచుకుంటే గ్రిల్ లోపలికి రావాలి, దానికి ఇవతల దోమల జాలి రావాలి. అప్పుడు రెక్కను వేయడానికి చేయి దూరే మార్గం ఉండదు. జాలిని తలుపువలె తెరుచుకునేలా చేయించుకుంటే ఈ చిక్కు తీరుతుంది. ఈ సంగతిని బేరం కుదిరే రోజునే తేల్చుకోవాలి. ఇంటిలో కనీసం ఒక్క గ్రిల్ అయినా లోపలి నుంచి తాళం తీసి తెరవగలిగేలా ఉండాలి. అగ్నిప్రమాదం జరిగి గుమ్మం దారి మూసుకుపోతే బయటపడే మార్గం అదే.

సరకు ఎంపిక

యు.పి.వి.సి. పుచ్చదు, తుప్పు పట్టదు, రంగు అక్కరలేదు. అయితే దాని బలం ప్లాస్టిక్‌లో లేదు, లోపల దూర్చే జింకు పూత ఉక్కు పట్టీలో ఉన్నది. ధర తగ్గించడానికి కొందరు ఈ పట్టీని మానేస్తారు, లేదా కొన్ని వైపులకే వేస్తారు. అటువంటి పెద్ద కిటికీ ఎండకు, గాలికి వంగుతుంది. చట్రం నాలుగు వైపులా అయస్కాంతం పెట్టి చూస్తే గుట్టు తెలుస్తుంది. కోసిన ముక్కను చూపమని అడిగినా తప్పు లేదు. అల్యూమినియం సన్నగా ఉండి బలాన్నిస్తుంది గాని ఎండకు వేడెక్కుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న గ్రామాల్లో ఉప్పుగాలికి మచ్చలు పడకుండా పౌడర్ కోటింగ్ గాని, అనోడైజింగ్ గాని చేసినదే తీసుకోవాలి. మరలు స్టెయిన్‌లెస్ స్టీలువై ఉండాలి.

అద్దం విషయంలో పొదుపు పనికిరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు నగరంలో భవనాల అద్దాలు ఎలా పగిలాయో ఆ రోజున ఉన్నవారికి గుర్తుండే ఉంటుంది. మామూలు అద్దం కత్తుల వంటి ముక్కలుగా పగులుతుంది, టఫెన్డ్ అద్దం మొద్దుబారిన చిన్న పలుకులుగా రాలుతుంది. టఫెన్డ్ చేసిన తరువాత ఆ అద్దాన్ని కోయడం సాధ్యం కాదు. కొలత తప్పితే మళ్లీ కొత్తది తెప్పించవలసిందే. రెండు పొరల అద్దాలు శబ్దాన్ని, ఏ.సి. ఖర్చును తగ్గిస్తాయి. రోజంతా కిటికీ తెరిచి ఉంచే ఇంటికి వాటిపై సొమ్ము వెచ్చించడం దండగ.

కొలతలో దాగిన సొమ్ము

ఈ పనులకు ధరను చదరపు అడుగు చొప్పున చెబుతారు. కొలతను ఎలా లెక్కిస్తారో ముందే అడగాలి. 3 అడుగుల 8 అంగుళాల నలుచదరపు కిటికీ అసలు వైశాల్యం 13.44 చదరపు అడుగులు. దానిని 4 అడుగులుగా పైకి సవరించి బిల్లు వేస్తే 16 చదరపు అడుగులవుతుంది. పది కిటికీల ఇంటికి తేడా దాదాపు 25 చదరపు అడుగులు. అంటే దాదాపు రెండు కిటికీలకు అదనంగా చెల్లించినట్లే.

చెప్పిన ధరలో ఏవి కలిసి ఉన్నాయో కాగితంపై రాయించుకోవాలి. అద్దం మందం, జాలి, గ్రిల్, రవాణా, బిగింపు కూలి, జి.ఎస్.టి. విడివిడిగా కనబడాలి. పాత కిటికీ తీయడం, గోడ అంచుల పూత, లప్పం, రంగు, మట్టి ఎత్తివేత సాధారణంగా కిటికీల దుకాణం లెక్కలోకి రావు. అవి తాపీ మేస్త్రీ, రంగుల మేస్త్రీ లెక్కలు. ఖర్చు పెరిగిందన్న మాట ఎక్కువగా ఇక్కడి నుంచే పుడుతుంది.

పాత గోడలు నిటారుగా ఉంటాయన్న నమ్మకం లేదు. వెడల్పును పైన, నడుమ, కింద, ఎత్తును ఎడమ, నడుమ, కుడి కొలిచి అన్నింటిలో తక్కువదానిని తీసుకోవాలి. మూల నుంచి మూలకు రెండు ఐమూల కొలతలూ చూడాలి. ఒక్కచోటే టేపు పెట్టి రాసుకుపోయే మనిషిని మళ్లీ కొలవమని నిర్మొహమాటంగా చెప్పాలి.

తీసే రోజు

అసలు జాగ్రత్త అవసరమయ్యేది పాత చట్రాన్ని తీసేటప్పుడు. సిమెంటు లింటెల్ ఉన్న ఇళ్లలో చట్రంపై గోడ బరువు ఉండదు. అంతకుముందరి ఇళ్లలో, ముఖ్యంగా సున్నంతో కట్టిన మండువా లోగిళ్లలో, కిటికీపై ఇటుక కమాను గాని, చెక్క దూలం గాని ఉంటుంది. కొన్నిచోట్ల అదీ లేక పై వరుసల ఇటుకలు చట్రం మీదనే ఆనుకొని ఉంటాయి. కలప ఏళ్ల తరబడి మోసిన బరువును ఒక్కసారిగా తొలగిస్తే గోడ బీటలు వారడమే కాదు, ఇటుకలు పనివారిపై కూలవచ్చు. పైన పూత కొద్దిగా గీకి లింటెల్ ఉన్నదో లేదో చూసుకొనిగాని పని మొదలుపెట్టరాదు. లేకుంటే ముందుగా పోట్లు పెట్టి, లింటెల్ వేయించి, ఆపై చట్రాన్ని తీయాలి. సమ్మెటతో బాదడం వద్దు. ఊచలు కోసి, చట్రం దుంగలను నడిమికి రంపంతో కోసి, ఒక్కొక్క ముక్కను లోపలి వైపునకు లాగితే గోడకు దెబ్బ తగలదు. గోడలో దిగిన కొమ్ములను, ఇనుప హోల్డ్‌ఫాస్ట్‌లను చివర తీయవచ్చు. చట్రాన్ని కోయకుండా పూర్తిగా దక్కించుకోవాలంటే చుట్టూ గోడను ఎక్కువగా చెక్కవలసి వస్తుంది.

పాత రంగులను గీకేటప్పుడు రేగే ధూళిలో సీసం ఉండవచ్చు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని 90 పి.పి.ఎం.కు పరిమితం చేస్తూ కేంద్రం తెచ్చిన నిబంధనలు 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చాయి. అంతకుముందు వేసిన రంగులకు ఆ భరోసా లేదు. తడిపి గీకించాలి, చిన్నపిల్లలను, గర్భిణులను ఆ రోజు ఇంట ఉంచరాదు. సామాన్లపై దుప్పట్లు కాక పాలిథిన్ పట్టాలు కప్పాలి. బియ్యం బస్తాలను, దేవుని పటాలను మరో గదికి చేర్చుకోవాలి.

ఎన్నాళ్లు పడుతుంది?

పని రెండు విధాలుగా సాగుతుంది. మొదటిది పాత చట్రం తీసి, అంచులు పూయించి, అవి ఆరిన తరువాత కొలతలు ఇవ్వడం. కిటికీ ఖచ్చితంగా కూర్చుంటుంది గాని తయారై వచ్చేవరకు రెండు, మూడు వారాలు గోడకు కన్నం మిగులుతుంది. గ్రిల్‌ను ముందే బిగించి, టార్పాలిన్ కట్టుకోకపోతే దొంగలకు, కోతులకు, దోమలకు దారి ఇచ్చినట్లే. రెండవది పాతది ఉండగానే కొలతలు ఇచ్చి, కొత్తది వచ్చిన నాడే పాతది తీయడం. ఇందులో గోడ అంచు ఎంత రాలుతుందో ముందు తెలియదు. ఖాళీలు ఎక్కువైతే సిమెంటుతో సరిచేయవలసి వస్తుంది. ఇంట్లో కాపురం ఉంటూ పని చేయించుకునేవారికి ఇదే అనుకూలం, అదీ గదికి ఒకటి చొప్పున.

ఆషాఢంలోను, శూన్యమాసంలోను గృహప్రవేశాల సందడి లేక పనివారు దొరుకుతారన్న మాట నిజమే. అయితే ఆషాఢం వానల కాలం, అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. సంక్రాంతి దాటిన తరువాత వేసవి చివరి వరకు ఉన్న వ్యవధి ఈ పనికి తగినది. గదికి ఒక కిటికీ తగ్గించే ఆలోచన ఉంటే సరిసంఖ్య పట్టింపు గల పెద్దలతో ముందే మాట్లాడుకోవడం మంచిది. పని సగంలో ఉండగా ఆ చర్చ మొదలైతే మేస్త్రీ కూలి వృథా అవుతుంది.

బిగించాక చూడవలసినవి

చట్రానికీ గోడకూ నడుమ ఖాళీని ఫోమ్‌తో నింపి, బయటి అంచున వాతావరణానికి తట్టుకునే సిలికాన్ పూయాలి. కిటికీ అడుగు గట్టు బయటికి వాలుగా ఉండాలి. స్లైడింగ్ కిటికీ కింది ట్రాకుకు బయటివైపు చిన్న రంధ్రాలు ఉంటాయి. ట్రాకులో పడిన వాన నీరు వాటి గుండానే బయటికి పోతుంది. చూడడానికి బాగులేవని వాటిని సిమెంటుతోనో, లప్పంతోనో పూడ్చేసే మేస్త్రీలు ఉన్నారు. అప్పుడు నీరు ఇంట్లోకే వస్తుంది, నింద కిటికీ మీద పడుతుంది.

చివరి వాయిదా సొమ్ము చెల్లించే ముందు బయటి నుంచి గొట్టంతో పది నిమిషాలు నీరు కొట్టించి లోపల చెమ్మ తగిలిందేమో చూడాలి. ప్రతి రెక్కనూ పదిసార్లు తెరిచి మూసి చూడాలి.

పాత కలప ఎవరిదన్నది మరో తగాదా. మట్టితోపాటు ఎత్తుకుపోతామని కూలీలు అంటే సరేననే యజమానులు ఎక్కువ. చెద తినని పాత టేకు దుంగలకు రాజమహేంద్రవరం వంటి చోట్ల కలప అడితీల్లోను, వడ్రంగుల వద్దను గిరాకీ ఉన్నది. బాగా ఎండిన కలప గనుక దానితో పీటలు, అల్మారా చట్రాలు, పూజామందిరాలు చేయించుకోవచ్చు. అమ్మేదీ, ఉంచుకునేదీ పని మొదలుకాకముందే చెప్పాలి.

బిల్లు లేకుండా కొంత తగ్గిస్తామన్న మాటకు లొంగితే వారంటీ చేజారినట్లే. వారంటీ కాగితంపై చట్రానికి, అద్దానికి, చక్రాలు, గడియలు వంటి విడిభాగాలకు ఎన్నేళ్లన్నది వేర్వేరుగా ఉండాలి. లోపాన్ని సరిచేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం దుకాణం ఎక్కడున్నా కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. వివాదం తలెత్తిన రెండేళ్లలోపు దాఖలు చేయాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలలోపు ఉంటే రుసుము లేదు. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే తమ గోడు చెప్పుకోవచ్చు.