నక్షత్రాల నాడి చూసిన ఊరు

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌ను ఆనుకుని ఉన్న మాఫెట్ ఫీల్డ్ పేరు 1933లో సన్నీవేల్ నేవల్ ఎయిర్ స్టేషనే. అక్కడి నాసా ఏమ్స్ కేంద్రం అనగానే అందరికీ గుర్తొచ్చేది కెప్లర్ టెలిస్కోపు, అది పట్టుకున్న 2,600 పైచిలుకు గ్రహాలు. పేరు గ్రహాలకొచ్చింది గానీ, నక్షత్రాల కడుపులో ఏముందో చెప్పడమే కెప్లర్ చేసిన పెద్ద పని అని నేనంటాను.

నక్షత్రాలు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటాయన్న మాట పాతదే. డెల్టా సెఫై అనే తార వెలుగు హెచ్చుతగ్గులను ఖగోళ శాస్త్రవేత్త గుడ్రిక్ 1784లో గమనించాడు. అది స్పందనమేనని షేప్లీ 1914లో వాదించాడు. అయితే ఒకటి రెండు కంపనాలతో లోపలి గుట్టు తేలదు. 1960లో లైటన్ బృందం సూర్యుడి ఉపరితలం సుమారు ఐదు నిమిషాలకోసారి పైకీ కిందకీ ఊగుతోందని కనిపెట్టింది. లోపల చిక్కుకున్న ధ్వని తరంగాలే దానికి కారణమని పదేళ్ల తర్వాత ఉల్‌రిచ్, ఆ వెంటనే లైబాకర్, స్టైన్ వివరించారు. కుండను తట్టి మోతను బట్టి పగులు పసిగట్టినట్టే, ఆ కంపనాల లెక్కతో లోపలి పొరల గుణం చెప్పవచ్చు.

చిక్కల్లా రాత్రితోనే. చూపు తెగితే లెక్క తప్పుతుంది. అందుకే 1995లో మొదలైన గాంగ్ పథకం సూర్యుణ్ని వంతులవారీగా చూసేందుకు భూగోళం చుట్టూ ఆరు కేంద్రాలు పెట్టింది. మన ఉదయ్‌పూర్ వాటిలో ఒకటి. దూరపు నక్షత్రాలతో ఇంకా కష్టం. సూర్యుడిలాంటి వాటి వెలుగులో మార్పు పది లక్షల్లో కొన్ని వంతులే. మన గాలి మిణుకులో అది కొట్టుకుపోతుంది.

ఏమ్స్‌లో విలియం బొరూకీ గ్రహాల కోసం పెట్టిన ప్రతిపాదనను నాసా నాలుగుసార్లు తిప్పికొట్టి, 2001లో ఒప్పుకుంది. 2009 మార్చిలో గాలిని దాటి అంతరిక్షంలోకి ఎగిరిన కెప్లర్ లక్షన్నర నక్షత్రాల మీద నాలుగేళ్లపాటు దాదాపు రెప్ప వేయలేదు. గ్రహం అడ్డొచ్చినప్పుడు తగ్గే వెలుగును కొలిచిన ఆ సమాచారంలోనే కంపనాలూ ఉన్నాయి.

2011లో బెడింగ్ బృందం చూపింది చిన్న విషయం కాదు. బయటికి ఒకేలా కనిపించే అరుణ మహాతారల్లో కొన్ని గర్భం చుట్టూ హైడ్రోజన్‌ను మండిస్తాయి. కొన్ని గర్భంలో హీలియంను కూడా మండిస్తాయి. పక్కపక్క కంపనాల ఆవర్తన కాలాల మధ్య తేడా మొదటి రకంలో సుమారు 50 సెకన్లు, రెండో రకంలో 100 నుంచి 300. అంతే, గుట్టు రట్టయింది! ఇలాంటి తారల గర్భం ఉపరితలం కన్నా కనీసం పది రెట్లు వేగంగా తిరుగుతోందని మరుసటి ఏడాది బెక్ బృందం తేల్చింది. సిద్ధాంతం ప్రకారం అది ఇంకా ఎంతో వేగంగా తిరగాలి. దాన్ని నెమ్మదింపజేసిందేమిటో ఇప్పటికీ తేలలేదు.

2018లో ఇంధనం అయిపోయి కెప్లర్ ఆగింది. దాని సమాచారం మాత్రం ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఫిజిక్స్ చదివే మన పిల్లలు ప్రాజెక్టు కోసం వెతుక్కునే ముందు ఒకసారి అటు చూడాలి.