పూటకూళ్లమ్మ ఇరవై రూపాయలు

మొన్న విజయనగరంలో ఒక పాత భోజనహోటలులో పనసపొట్టు కూర, బెల్లప్పులుసు తింటూంటే పూటకూళ్లమ్మ జ్ఞాపకం వచ్చింది. ఈ ఊళ్లోనే 1892లో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’ను గురజాడ తిరగరాసి 1909లో ప్రకటించారు. అందులో వితంతూద్ధరణ వల్లించే గిరీశం, సంతలో సామాను కొనితెస్తానని వితంతువైన పూటకూళ్లమ్మ సొమ్మే ఇరవై రూపాయలు పట్టుకుపోయి తన విలాసాలకు ఖర్చుచేస్తాడు.

1856 నాటి చట్టం వితంతు పునర్వివాహాన్ని అంగీకరించింది. పెళ్లాడితే మొదటి భర్త ఆస్తి వదులుకోవాలంది. పెళ్లాడనామె ఏం తిని బతకాలో చెప్పలేదు. పుట్టింట ఊరికే చేసే వంటచాకిరీకి పూటకింత అని వెలకట్టినప్పుడే ఆమెకు సొంత బతుకు దొరికింది. తాను ఒంటిపూట తింటూ ఊరికి రెండుపూటలా వడ్డించింది. ఆ పంక్తిలో అన్ని కులాలకూ చోటులేదన్నదీ మరువరాదు.

గిరీశాన్ని చూసి నవ్వుతాం. ఆ ఇరవై రూపాయలు ఎన్ని విస్తళ్ల శ్రమో లెక్కించామా? సంస్కరణ చరిత్రను ఆ పొయ్యి దగ్గరనుంచి తిరిగి చదవాలి.