కమిషన్ అధ్యక్షపదవి: తొలగించే అధికారం, ఎన్నుకునే అధికారం (1958–2025)

ఉపోద్ఘాతం

యూరోపియన్ యూనియన్‌లో 'అధ్యక్షుడు' అనే పదవి ఒక్కటి కాదు. చట్టాలను ప్రతిపాదించి వాటి అమలును పర్యవేక్షించే కమిషన్‌కు ఒకరు, సభ్యదేశాల అధినేతలు సమావేశమయ్యే యూరోపియన్ కౌన్సిల్‌కు మరొకరు, ప్రజలు నేరుగా ఎన్నుకునే పార్లమెంటుకు ఇంకొకరు అధ్యక్షులుగా ఉంటారు. తెలుగు వార్తారచనలో ముగ్గురికీ ఒకే మాట వాడుకలో ఉంది. అది తప్పు కాదు గాని, ఆ మాట వెనుక ఉన్న అధికారభేదం మరుగున పడుతుంది. ఈ మూడింటిలో కమిషన్ అధ్యక్షపదవి చుట్టూనే ఎక్కువ వివాదం నడిచింది. ఆ పదవిలోకి ఎవరు వచ్చారన్న దానికంటె, వారిని ఎవరు నిర్ణయించారన్న ప్రశ్న యూనియన్ చరిత్రను స్పష్టంగా చూపుతుంది.

అధినేతల నిర్ణయం

1957 నాటి రోమ్ ఒప్పందం కమిషన్‌ను నియమించే అధికారాన్ని సభ్యప్రభుత్వాలకే ఇచ్చింది. అయితే మూడింట రెండువంతుల ఆధిక్యంతో మొత్తం కమిషన్‌ను తొలగించే హక్కు మాత్రం పార్లమెంటరీ సభకు ఆనాడే లభించింది. పంపించివేయగలిగిన సభకు పిలిచే హక్కు లేదు. తరువాతి చరిత్ర అంతా ఈ అసమానతను సవరించే ప్రయత్నమే.

1958లో తొలి అధ్యక్షుడైన వాల్టర్ హాల్‌స్టైన్ జర్మన్ న్యాయశాస్త్ర ఆచార్యులు. విదేశీ రాయబారుల అధికారపత్రాలను ఆయన లాంఛనంగా స్వీకరించేవారు. ఇది ఫ్రాన్స్ అధ్యక్షుడు దగోల్‌కు రుచించలేదు. 1965లో వ్యవసాయ విధానానికి నిధుల సమకూర్పుతోపాటు సభ అధికారాలను పెంచాలని కమిషన్ ప్రతిపాదించగా, ఫ్రాన్స్ మంత్రిమండలి సమావేశాలను బహిష్కరించింది. ఆ ప్రతిష్టంభన 1966 జనవరి వరకు సాగింది. 1967లో మూడు సముదాయాల కార్యనిర్వాహక సంస్థలు విలీనమైనప్పుడు హాల్‌స్టైన్ పూర్తికాలం కొనసాగడానికి దగోల్ సమ్మతించలేదు. బెల్జియంకు చెందిన జాఁ రే ఆ స్థానంలోకి వచ్చారు.

తరువాతి కాలంలో పదవి ప్రాభవం తగ్గింది. 1972లో ఇటలీకి చెందిన మాల్ఫట్టి స్వదేశంలో ఎన్నికలలో పోటీ చేయడానికి రాజీనామా చేశారంటే, ఆనాటికి దానికున్న విలువ ఎంతో ఊహించవచ్చు. 1985లో వచ్చిన జాక్ డెలోర్ పదేళ్లలో దాన్ని మార్చివేశారు. ఏకీకృత విపణి, మాస్ట్రిక్ట్ ఒప్పందం రెండూ ఆయన కాలానివే. అయినా ఎంపికపద్ధతి మారలేదు. 1994లో బెల్జియం ప్రధాని డెహానె పేరును బ్రిటన్ ప్రధాని జాన్ మేజర్ ఒక్కరే అడ్డుకున్నారు. అందరికీ అంగీకారయోగ్యుడిగా లక్సెంబర్గ్ ప్రధాని జాక్ సాంటేర్ ఎంపికయ్యారు.

సాంటేర్ పతనమే ఈ చరిత్రలో అసలు మలుపు. ఆర్థిక అక్రమాలపై 1999 జనవరిలో వచ్చిన అభిశంసన తీర్మానానికి 232 ఓట్లు అనుకూలంగా, 293 వ్యతిరేకంగా పడ్డాయి. తీర్మానం వీగిపోయినా స్వతంత్ర నిపుణుల సంఘం ఏర్పాటు తప్పలేదు. దాని నివేదిక వెలువడిన మార్చి 15 రాత్రికే కమిషన్ మొత్తం రాజీనామా చేసింది. నలభై ఏళ్లుగా కాగితం మీదే ఉన్న తొలగింపు హక్కు, ఓటు నెగ్గకుండానే ఫలితమిచ్చింది.

'ఎన్నుకొనును' అనే క్రియ

ఒప్పందాల పదజాలంలో మార్పు క్రమంగా జరిగింది. మాస్ట్రిక్ట్ ప్రకారం ప్రభుత్వాలు అధ్యక్షుడి పేరు విషయంలో పార్లమెంటును 'సంప్రదించాలి'. ఆమ్‌స్టర్‌డామ్ ప్రకారం ఆ పేరును పార్లమెంటు 'ఆమోదించాలి'. 2009 డిసెంబరులో అమలులోకి వచ్చిన లిస్బన్ ఒప్పందం, ఎన్నికల ఫలితాలను దృష్టిలో ఉంచుకొని యూరోపియన్ కౌన్సిల్ ప్రతిపాదించిన అభ్యర్థిని పార్లమెంటు 'ఎన్నుకొంటుంది' అన్నది. కాని ప్రతిపాదనలో ఉండేది ఒక్క పేరే. తెలుగులో 'ఎన్ను' ధాతువుకు లెక్కించడం, ఎంచడం అనే రెండర్థాలూ ఉన్నాయి. ఇక్కడ మొదటిదే పూర్తిగా వర్తిస్తుంది.

ఆ క్రియకు రెండో అర్థాన్ని కూడా కల్పించాలని రాజకీయ కూటములు 2014లో ముందుగానే తమ అగ్రాభ్యర్థులను ప్రకటించాయి. అత్యధిక స్థానాలు పొందిన కూటమి అభ్యర్థి యుంకర్‌ను బ్రిటన్, హంగరీ వ్యతిరేకించినా, 26 దేశాలు సమర్థించాయి. పార్లమెంటు 422 ఓట్లతో ఎన్నుకుంది. ఇది సంప్రదాయంగా స్థిరపడిందని భావించడం తొందరపాటే అయింది. 2019లో అదే కూటమి అగ్రాభ్యర్థి మాన్‌ఫ్రెడ్ వెబర్‌ను పక్కనపెట్టి, ఆ ఎన్నికలలో అభ్యర్థే కాని జర్మన్ రక్షణమంత్రి ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ పేరును అధినేతలు ప్రతిపాదించారు. అవసరమైన 374 ఓట్లకు తొమ్మిది మాత్రమే ఎక్కువగా, 383 ఓట్లతో ఆమె గెలిచారు. ఆ పదవిలో తొలి మహిళ ఆమె. పద్ధతిని కాదన్న పార్లమెంటే ఫలితాన్ని ఔనన్నది.

2024లో ఆమె అగ్రాభ్యర్థిగానే నిలిచి 401 ఓట్లు పొందారు. కాని ఆమె పేరును అధినేతలు జూన్ 27న యూరోపియన్ కౌన్సిల్ అధ్యక్షుడిగా ఆంటోనియో కోస్టా ఎంపికతో కలిపి ఒకే సమావేశంలో ఖరారు చేశారు. పదవులను కూటముల మధ్య, ప్రాంతాల మధ్య పంచే పాత అలవాటు కొత్త పద్ధతిలోనూ కొనసాగింది. ఏడాది తిరిగేసరికి, 2025 జూలై 10న, ఆమె కమిషన్‌పై అభిశంసన తీర్మానం ఓటింగుకు వచ్చింది. 175 మంది అనుకూలంగా, 360 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆ ఓటింగు రోమ్ ఒప్పందం నాడు నిర్ణయించిన మూడింట రెండువంతుల నియమం కిందనే జరిగింది.