జనం లెక్క, పొలిమేర గీత

రాజమండ్రి జిల్లాలో 1821లో తలలు లెక్కపెడితే 7 లక్షల పైచిలుకు తేలారు. ఇరవై ఏళ్లు గడిచాక మళ్లీ లెక్కపెడితే 6 లక్షలు కూడా లేరు. మధ్యలో ఏం జరిగిందో ఆ తరం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1832-33లో నందన కరువు వచ్చింది. గుంటూరు సీమలో జనం డొక్కలు ఎండి దారుల పక్కనే రాలిపోయారు గనక డొక్కల కరువు అన్న పేరే దానికి నిలిచిపోయింది. 1839లో కోరింగ మీద ఉప్పెన విరుచుకుపడింది. కుంపిణీ దొరల కంటికి మాత్రం ఈ చావుల కన్నా ముందు శిస్తు తగ్గడం కనబడింది. జిల్లా ఎందుకు చితికిపోయిందో చూసి రమ్మని సర్ హెన్రీ మాంట్‌గోమరీని పంపారు. 1844లో ఆయన ఇచ్చిన నివేదికలో రాబడి లెక్కతో పాటు జనం లెక్క కూడా వచ్చి కూర్చుంది. మూడేళ్లకు, 1847లో, ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలైంది. 1852కు పూర్తయింది.

ఆనకట్ట కాటన్ దొర పట్టుదల ఫలమని మనం చెప్పుకుంటాం. కాదనను. ఆయన వాదనకు బలంగా నిలిచినవాటిలో ఈ కాకిలెక్క కూడా ఉందని మాత్రం గుర్తు పెట్టుకోవాలి. కాకిలెక్క అని ఎందుకన్నానంటే, అప్పటికి ఇల్లిల్లూ తిరిగి పేరు పేరునా రాసుకునే పద్ధతి లేదు. ఊరి కరణం చెప్పిందే వేదం. ఇంటికి ఇంతమంది అని గుణించి రాసిన ఊళ్లూ ఉండే ఉంటాయి. అయినా తెలుగు నేల మీద పాత జనసంఖ్యను ముందు పెట్టుకుని ఒక ప్రాంతం రూపురేఖలు మార్చిన తొలి పెద్ద పని అదేననుకుంటాను.

తర్వాతి కథ అందరూ ఉత్సాహంగా చెబుతారు. 1871 నాటికి గోదావరి జిల్లా జనం 16 లక్షల చుట్టూ చేరింది, నీళ్లొస్తే జనమొచ్చారు చూడండి అని. నీళ్లొచ్చిన మాటా నిజమే, జనం వచ్చిన మాటా నిజమే. విశాఖ వైపు నుంచి పొట్ట చేతబట్టుకుని డెల్టాకు దిగిన కుటుంబాలు కొల్లలు. కాని 1859లో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి, మళ్లీ విడగొట్టి గోదావరి, కృష్ణా జిల్లాలు చేశారు. 1841 నాటి జిల్లా వేరు, 1871 నాటి జిల్లా వేరు. రెండంకెలూ సరైనవే అయినా పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు. మన జనాభా లెక్కల చరిత్రంతా ఈ చిక్కుతోనే నడిచింది. ఎందరున్నారన్నది ఒకరు చెబుతారు, ఏ గీత లోపల ఎందరన్నది ఇంకొకరు మారుస్తారు.

ఇల్లిల్లూ తిరిగే అసలు జనగణన 1871-72లో మొదలైంది. దేశమంతా ఒకే రాత్రి లెక్క తీసింది 1881 ఫిబ్రవరి 17న. ఈ రెండింటి మధ్య ధాత కరువు వచ్చిపడింది. ఆ 1876-78 కరువు తర్వాత కర్నూలు జిల్లా లెక్క చూస్తే పావు వంతు జనం లేరు. చచ్చినవారెందరో, పైరూ పశువూ పోయి వలస వెళ్లినవారెందరో ఆ పట్టీ చెప్పదు. పోయారు, అంతే. కర్నూలు-కడప (కె.సి.) కాలువ ఆ జిల్లాలో అప్పటికే ఉంది. కాలువ ఉన్నంత మాత్రాన కరువు ఆగదని తెలిసింది. కరువు కమిషన్ 1880లో ఇచ్చిన నివేదికలో, గింజలు వేగంగా చేరేలా కరువు జిల్లాల గుండా రైలు మార్గాలు వెయ్యాలని గట్టిగా చెప్పడం వెనక ఇలాంటి పట్టీలే ఉన్నాయి.

నిజాం ఇలాకాలో జనగణనను మర్దుంషుమారీ అన్నారు. అక్కడా 1881లోనే మొదలు. 1908లో మూసీ వరద, 1911లో ప్లేగు, 1918లో ఇన్‌ఫ్లుయెంజా వరసకట్టి వచ్చాయి. 1911లో హైదరాబాదు నగర జనం 5 లక్షలుంటే 1921లో 4 లక్షలకు దిగింది. నగర అభివృద్ధి బోర్డు 1912లో పుట్టింది. ఇరుకు వాడలు పడగొట్టి వెడల్పు వీధులూ కొత్త ఇళ్లూ కట్టడం దాని పని. ఏ మొహల్లాలో ఎంత కిక్కిరిసి ఉన్నారో తెలియకపోతే ఆ పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

జనాభా పట్టీలో ఒక్క గడి ఏకంగా రాష్ట్రాల సరిహద్దులు గీసిన కాలం కూడా మనం చూశాం. ఆ గడి మాతృభాష. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేటప్పుడు బళ్లారి కన్నడమా తెలుగా అన్న తగవులో అందరూ వల్లించింది జనాభా లెక్కలే. ఊరు చివరికి మైసూరుకు పోయింది. మద్రాసుతో మిగిలిపోయిన సరిహద్దు పేచీని మధ్యవర్తిగా వచ్చిన పటాస్కర్ తీర్చాడు. ఆయన సూత్రం చిన్నది: గ్రామమే కొలబద్ద, ఏ భాష వారు ఎక్కువో చూడాలి, గ్రామాలు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు వెళ్లింది, సత్యవేడు ఇటు వచ్చింది. ఇంట్లో తెలుగు, సంతలో అరవం మాట్లాడే మనిషి ఎన్యూమరేటరు అడిగినప్పుడు ఏం చెప్పాడో, దాని మీద అతని కలెక్టరు కచేరీ ఎక్కడుండాలో తేలింది. తాలూకాను కొలబద్దగా పట్టుకుని ఉంటే ఫలితం ఇంకోలా ఉండేది. అంకెలు అవే, మూట కట్టిన తీరు మారితే చాలు.

ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద నాకొకసారి 1971 నాటి జిల్లా జనగణన పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయి, వెనక పేజీలు చెదలు తిన్నా ఊళ్ల పట్టిక పదిలంగా ఉంది. ఒక్కో ఊరికి ఒక్క వరస. విస్తీర్ణం, ఇళ్లు, మగవారు, ఆడవారు, షెడ్యూల్డు కులాలు, తెగలు, చదువుకున్నవారు. ఇంకో పట్టికలో ఊరి వసతులన్నీ పొడి అక్షరాల్లో. డబ్ల్యు అంటే బావి, టీకే అంటే చెరువు, పీఆర్ అంటే పక్కా రోడ్డు, కేఆర్ అంటే మట్టి బాట. చాలా ఊళ్లకు నీళ్ల గడిలో డబ్ల్యు, బాట గడిలో కేఆర్. మిగతా గడుల్లో చిన్న చిన్న గీతలు, అంటే లేదు అని. పేజీలకు పేజీలు ఆ గీతలే. కథల పుస్తకం కన్నా ఆసక్తిగా చదివానంటే మా ఇంట్లో నవ్వుతారు.

ఇలాంటి పుస్తకాలను గుమాస్తాల అలమారాల్లోంచి తీసి ప్రణాళికకు పనికొచ్చేలా వాడి చూపింది మన దగ్గరే. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో అప్పట్లో జాతీయ సామాజిక అభివృద్ధి సంస్థ ఉండేది, అదే తర్వాత ఎన్.ఐ.ఆర్.డి. అయింది. అక్కడ లలిత్ కె. సేన్, సుధీర్ వన్మాలి మరికొందరు కలిసి నల్గొండ జిల్లా మిర్యాలగూడ తాలూకాను తీసుకున్నారు. 1971లో వారి అధ్యయనం అచ్చయింది. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారడం మొదలై ఎన్నో ఏళ్లు కాలేదు. వరి వస్తుంది, మిల్లులొస్తాయి, బ్యాంకు కావాలి, ఎరువుల దుకాణం కావాలి. ఏ ఊళ్లో పెట్టాలి? అప్పటిదాకా దీనికి జవాబు సమితి ప్రెసిడెంటు ఏ ఊరివాడన్న దాన్ని బట్టి ఉండేది. వీళ్లు ప్రశ్నను తిరగేశారు. ఏ వసతి ఎంత జనమున్న ఊళ్లో ఉంది? హైస్కూలు నిలబడాలంటే చుట్టూ ఎంతమంది ఉండాలి? జనం ఇప్పటికే దేనికోసం ఏ ఊరికి నడిచి వెళుతున్నారు? జనాభా లెక్కలు ఎలాగూ ఉన్నాయి, వసతుల పట్టిక ఉంది. లేనిదల్లా ఊరి నుంచి ఊరికి జనం నడక. అది మాత్రం వెళ్లి అడిగి రాసుకున్నారు. అలా తాలూకాలో ఏవి చిన్న కేంద్రాలు, ఏవి పెద్ద కేంద్రాలు, ఎక్కడ ఖాళీ ఉంది అన్నది పటం మీద తేలింది.

ఆ పద్ధతిలో నాకు నచ్చేది దాని పొదుపు. కొత్త సర్వే పేరిట కోట్లు గుమ్మరించకుండా, ఉన్నది చదివి, లేనిది మాత్రమే వెతికారు. తర్వాతి యాభై ఏళ్లలో ఆ క్రమశిక్షణ చాలా తక్కువ చోట్ల కనబడింది.

1985లో మండలాలు వచ్చినప్పుడు ఆ ఆలోచన ఛాయ కొంత ఉందనే చెప్పాలి. అంతకు ఏడాది ముందే కరణం, మునసబు కొలువులు పోయాయి. తాలూకాలూ సమితులూ పోయి 11 వందల చిల్లర మండలాలొచ్చాయి. సుమారు 35 వేల నుంచి 55 వేల మందికి ఒక మండలం అన్నది లెక్క. కాగితం పని కోసం పొద్దున బయల్దేరిన రైతు సాయంత్రానికి ఇల్లు చేరాలన్న మాట ఎన్టీ రామారావు మీద ఎన్ని విమర్శలున్నా కొట్టెయ్యలేనిది. మండల కేంద్రం ఏ ఊరన్న దగ్గర మాత్రం జనాభా పుస్తకాలు మూతబడి, ధర్నాలు మొదలయ్యాయి.

ఇంతమందికి ఇది అన్న కొలత మన పాలన నిండా ఉంది. మైదానంలో 5 వేల మందికి, గిరిజన ప్రాంతంలో 3 వేల మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం. 30 వేలకు, కొండల్లో 20 వేలకు ఒక పి.హెచ్.సి. 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు 2 వేల మందికి ఒకటి. 2000లో వచ్చిన ప్రధానమంత్రి సడక్ పథకంలో మైదానంలో 500 మంది, కొండల్లోనూ గిరిజన ప్రాంతాల్లోనూ 250 మంది ఉన్న ఆవాసానికి రోడ్డు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఏజెన్సీలో ఊరంటే ఏమిటో చూసినవారికి మాత్రం ఆ 250 అంకె గుండెల్లో గుచ్చుకుంటుంది. కొండ మీద పది గడపలు, వాగు దాటితే ఇంకో పదిహేను, పైన పోడు పక్కన ఆరు. రెవెన్యూ పటంలో అన్నీ కలిసి ఒక ఊరు. జనాభా పుస్తకంలో ఒకే వరస. నడిచేవాళ్లకు మూడు ఊళ్లు. విడిగా చూస్తే ఏ ఒక్కటీ 250 కాదు, కలిపి చూస్తే ఎక్కడో కింద రోడ్డు ఉండనే ఉంది. పురిటి నొప్పులొచ్చిన మనిషిని రెండు కర్రల మధ్య దుప్పటి కట్టి డోలీలో మోసుకు దిగే ఫోటో ప్రతి వానాకాలం పత్రికల్లో వస్తుంది. అది నిధుల కొరత ఫోటో అనుకుంటాం. సగం గీత ఫోటో అది. ఆదిమ తెగల కోసం 2023లో వచ్చిన జన్‌మన్ పథకంలో కొలత 100కు దించారు. వంద మంది కూడా లేని ఆవాసాలు ఇంకా ఉన్నాయి.

పాలమూరు చిక్కు ఇంకో రకం. జనగణన జరిగేది ఫిబ్రవరిలో. మట్టి పని, కాంక్రీటు పని వెతుక్కుంటూ ముంబయికో పుణెకో పోయిన మనిషి ఆ నెలంతా ఊళ్లో లేకపోతే ఎక్కడుంటే అక్కడి లెక్కలో పడతాడు. ఊరి మంచినీటి పథకం, బడి గదులు మాత్రం మిగిలినవారి లెక్కన వస్తాయి. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే చేసింది. ఆ ముందు రెండు రోజులు బస్సులూ రైళ్లూ కిటకిటలాడాయి. పేరు రాయించుకోకపోతే పింఛనో రేషనో పోతుందేమోనని ఎక్కడెక్కడి వాళ్లో ఇల్లు చేరారు. ఫిబ్రవరి లెక్కకు అందనివాడు ఆగస్టు లెక్కకు పరుగెత్తి వచ్చి మరీ దొరికాడు. రెండింటిలో ఏది నిజమైన ఊరి జనాభా అంటే, నీళ్ల ట్యాంకు కట్టేవాడికి ఒకటి, రేషన్ బియ్యం పంచేవాడికి ఇంకొకటి అని చెప్పాల్సి వస్తుంది.

2016 దసరా నాడు తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. పరిపాలన దగ్గరయింది, సంతోషం. జిల్లా ప్రణాళిక వేసే అధికారి చేతిలో ఉన్నది మాత్రం 2011 నాటి పాత జిల్లాల లెక్క. మండలాల వారీగా విడగొట్టి కొత్త జిల్లాకు కుట్టాలి. కొన్ని మండలాలే చీలిపోయాయి, అక్కడ ఊళ్ల వారీగా కుట్టాలి. ఈ దర్జీ పని చేసేవాళ్లెవరూ వార్తల్లోకి రారు. 2021లో రావలసిన జనగణన కోవిడ్‌తో ఆగి, ఆ తర్వాత ఏళ్ల తరబడి రాలేదు. ఆహార భద్రత చట్టం కింద ఎందరికి బియ్యమన్నది 2011 దగ్గరే బిగుసుకుంది.

ఈలోగా లెక్కకు దొరకని మార్పు ఇళ్లలో జరిగిపోయింది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. తరం నిలబడాలంటే 2.1 కావాలంటారు. ఇద్దరికి మించి కంటే సర్పంచిగా నిలబడకూడదని 1990ల్లో చట్టం చేసిన నేల ఇది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధన ఎత్తేసింది. లోక్‌సభ సీట్ల పంపకం 1971 జనాభా మీద ఆగి ఉంది. పద్నాలుగో ఆర్థిక సంఘం 1971నూ 2011నూ కలిపి చూస్తే, పదిహేనోది 2011నే పట్టుకుని, జనాభా అదుపు చేసినందుకు వేరే మార్కులు వేసింది. కుటుంబ నియంత్రణ పాటించి నష్టపోయామన్న దక్షిణాది గోలలో న్యాయముంది. అయితే ఢిల్లీని తిట్టే నోళ్లు, తమ రాష్ట్రంలో ముసలివాళ్లు ఏ మండలంలో ఎందరయ్యారో, ఏ బడి ఖాళీ అవుతోందో ఎంత వరకు చూశాయన్నది నా అనుమానం.

తర్వాతి జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. 1931 తర్వాత తొలిసారి అందరి కులమూ రాస్తారు. సరిహద్దుల మార్పులేవైనా ఉంటే 2025 డిసెంబరు 31లోగా ముగించుకోండని రాష్ట్రాలకు ముందే చెప్పారు. లెక్క తీసేటప్పుడు గీతలు కదలకూడదు మరి.

2011లో మా ఎరుకలోని ఒక పంతులుగారు ఎన్యూమరేటరుగా తిరిగారు. ముందు తన బ్లాకు పటం తనే గీసుకోవాలి. గుడి, బడి, బోరు, ఇళ్లకు నెంబర్లు. ఊరి చివర వాగు అవతల నాలుగు గుడిసెలు. పటంలో వాగు కాగితం అంచుకు వచ్చింది. అవతలి బ్లాకు ఆయన రాసుకుంటాడులే అనుకున్నారు ఈయన. పని అయ్యాక టీకొట్టు దగ్గర మాటల్లో తేలింది, ఆయనా అదే అనుకున్నాడట. ఆ లెక్కలో వెయ్యికి 23 మంది తప్పిపోయారని జనగణన శాఖ తన తనిఖీలోనే తేల్చుకుంది. పంతులుగారు మాత్రం ఆ సాయంత్రమే టార్చిలైటు పట్టుకుని వాగు దాటి వెళ్లి, నలుగురి తలుపులూ తట్టి, పటానికి ఇంకో కాగితం అతికించి, గుడిసెలు గీసి వచ్చారు.