కంప్యూటర్ దఫ్తరంలో ‘చెల్లదు’ ముద్ర – పుట్టుపూర్వోత్తరాలు

మనం పనిచేసిన రోజుల్లో ఒక జీవోకు సవరణ వస్తే, దాని ఆధారంగా వెలువడిన మెమోలు, సర్క్యులర్లు అన్నీ తిరిగి చూడవలసి వచ్చేది. పాత కాగితాన్ని ఎవరూ చించి పారవేసేవారు కాదు. కొత్త ఉత్తర్వుతో సరిచూచే వరకు దానిపై చర్య తీసుకునేవారు కాదు, అంతే. కంప్యూటర్ దఫ్తరంలోనూ ఇదే పద్ధతి ఉన్నదంటే మిత్రులకు ఆశ్చర్యం కలుగవచ్చు.

ఇంగ్లండులో పుట్టిన ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రవేత్త కాలిఫోర్నియాలోని శాన్‌హోసే ఐబీఎం పరిశోధనశాలలో పనిచేస్తూ, 1970 జూన్‌లో ఒక వ్యాసం ప్రకటించారు. సమాచారాన్నంతా పట్టికల రూపంలో చూపాలనీ, అది యంత్రంలో ఎక్కడ ఎలా దాగి ఉన్నదో వాడుకునేవారికి తెలియనవసరం లేదనీ ఆయన సిద్ధాంతం. దాన్ని ఆచరణలో పరీక్షించడానికి అదే శాలలో 1970 దశకంలో ‘సిస్టమ్ ఆర్’ అనే ప్రయోగం జరిగింది.

అందులో రెండు విశేషాలున్నాయి. ఏయే పట్టికలున్నవి, వాటిలో ఏయే గడులున్నవి అనే వివరాలను కూడా పట్టికల్లోనే ఉంచారు. ఇది రిజిస్టర్లకే రిజిస్టరు. పేరు కేటలాగ్. 1985లో కాడ్ ప్రకటించిన ప్రసిద్ధమైన 12 నియమాల్లో నాలుగవది ఇదే. రెండవ విశేషం, ఏ ప్రోగ్రాము ఏ పట్టికపై, ఏ ఇండెక్సుపై ఆధారపడినదో నమోదు చేయడం. ఆధారాన్ని తొలగిస్తే, దాన్ని నమ్ముకుని తయారైన ప్రోగ్రాముపై ‘చెల్లదు’ అని గుర్తు పడేది. మళ్లీ పిలిచినప్పుడు యంత్రమే దాన్ని కొత్తగా సిద్ధం చేసుకునేది.

ఈ సిద్ధాంతంపైనే 1979లో ఒరాకిల్ విపణిలోకి వచ్చింది. 1992లో వచ్చిన ఒరాకిల్ 7లో ప్రోగ్రాములను కూడా డేటాబేసులోనే భద్రపరచే ఏర్పాటు కలిగింది. దానితో ఒకదానిపై ఒకటి ఆధారపడే గొలుసు పెరిగింది. కొత్త వెర్షనుకు మారినప్పుడు, ‘సిస్’ అనే యజమాని పేరిట ఉండే వ్యవస్థ సొంత ప్రోగ్రాములు కూడా ‘ఇన్వాలిడ్’ కావచ్చు. అప్పుడు నిపుణులు ముందు జాబితా తీస్తారు. దోష వివరం చదువుతారు. అడుగున ఉన్న మూలాన్ని సరిచేసి, ‘యూటీఎల్‌ఆర్‌పీ’ అనే స్క్రిప్టుతో మిగిలినవాటిని తిరిగి సిద్ధం చేస్తారు. కేటలాగులో నేరుగా చేయిపెట్టి ‘చెల్లదు’ను ‘చెల్లును’గా మార్చడం మాత్రం కూడని పని. అది సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ దిద్దడం వంటిదే.

మనకిందులో గ్రహించవలసినది ఒకటున్నది. ఏటా మనల్ని జీవన ధ్రువపత్రం అడుగుతారు. అది అందకపోతే పింఛను ఆగుతుంది గాని, మనిషి పోయినట్లు కాదు. ‘ఇన్వాలిడ్’ కూడా అంతే. చదివే ప్రోగ్రాము చెల్లనంత మాత్రాన పట్టికలోని లెక్కలు చెరిగిపోవు. కనుక కౌంటరులో “మీ వివరాలు సిస్టమ్‌లో రావడం లేదు” అన్నప్పుడు కంగారుపడి వెనుదిరగవద్దు. రికార్డే లేదా, ఉన్నా తెరుచుకోవడం లేదా అని నిదానంగా అడగండి. ఆ రెండూ వేర్వేరు జబ్బులు, వాటికి వైద్యమూ వేరే.