ఎల్లలు దాటే పనితనం: ఆగ్నేయాసియా వృత్తి నైపుణ్య సహకారంపై ఒక పరిశీలన

యువతకు వృత్తి నేర్పే విషయంలో ఆగ్నేయాసియా దేశాలు కలిసి పనిచేయడం ఆసియాన్ కంటే పాత సంగతి. 1967 ఆగస్టులో ఆసియాన్ ఏర్పడటానికి ముందే, 1965 నవంబరు 30న, ఆ ప్రాంత విద్యామంత్రులు సీమియో అనే ఉమ్మడి సంస్థను నెలకొల్పుకున్నారు. దాని ప్రధాన కార్యాలయం బ్యాంకాక్‌లో ఉంది. ఇప్పుడు 11 సభ్య దేశాలున్నాయి. వృత్తి విద్య కోసం 1990లో బ్రూనైలో వాక్‌టెక్ కేంద్రం మొదలైంది. తర్వాతి కాలంలో జీవితకాల అభ్యసనం కోసం వియత్నాంలోని హో చి మిన్ నగరంలో మరో కేంద్రం వచ్చింది. ఇంత సుదీర్ఘ చరిత్ర ఉన్న సహకారాన్ని సమావేశాల సంఖ్యతో అంచనా వేయలేం. ఒక దేశంలో పని నేర్చుకున్న కుర్రాడి చేతి పనికి పక్క దేశంలో విలువ దక్కుతోందా అన్నదే అసలు పరీక్ష. ప్రభుత్వాలు ఒక పనిని విడివిడి అంశాలుగా రాసుకుని, వాటిని పరీక్షించే పద్ధతి మీద ఒప్పందానికి వచ్చిన చోట ఆ విలువ దక్కే దారి ఏర్పడింది. పైస్థాయి ప్రకటనలతో ఆగిపోయిన చోట ఏర్పడలేదు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇదే.

వాక్‌టెక్ కుర్రాళ్లకు నేరుగా పని నేర్పదు. సభ్య దేశాల వృత్తి కళాశాలల అధ్యాపకులకు, ప్రిన్సిపాళ్లకు శిక్షణ ఇస్తుంది. ఇది సరైన ఎంపిక. లావోస్, కంబోడియా లాంటి దేశాల్లో యంత్రాలు కొనడానికి దాతలు దొరుకుతారు గానీ, ఆ యంత్రం మీద పని చేసి చూపించగల గురువు దొరకడం కష్టం. ఒక అధ్యాపకుడు సానబడితే ఏటా అతని చేతికిందకు వచ్చే పిల్లలందరికీ ఆ మేలు అందుతుంది. విద్యార్థుల మార్పిడి మాత్రం ఆలస్యంగా మొదలైంది. 2015లో సీమియో ఆధ్వర్యంలో వృత్తి విద్యాధికారులు కూడి కళాశాలల మధ్య నేరుగా సంబంధాలు కలిపే పని చేపట్టారు. ఆ తర్వాత ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్, మలేషియా వంటి దేశాల పాలిటెక్నిక్ విద్యార్థులు పొరుగు దేశపు కళాశాలల్లోనూ పరిశ్రమల్లోనూ కొంతకాలం ఉండి రావడం మొదలైంది. మంచి పనే. కానీ ఖర్చులో చెప్పుకోదగ్గ భాగం విద్యార్థో, పంపే కళాశాలో పెట్టుకోవాలి. కాబట్టి విమానం టికెట్టు కొనుక్కోలేని ఇంటి బిడ్డకు ఈ అవకాశం అందడం కష్టం. వృత్తి విద్యలో చేరేవారిలో ఎక్కువమంది అలాంటి ఇళ్లవాళ్లే.

ఇక అర్హతల సంగతి. ఆసియాన్ దేశాలు 2014, 2015 సంవత్సరాల్లో ఎనిమిది స్థాయిల ఉమ్మడి అర్హతల చట్రాన్ని ఆమోదించాయి. ఇందులో చేరడం స్వచ్ఛందం. ఒక దేశం తన సర్టిఫికెట్లను ఈ ఎనిమిది మెట్లలో ఎక్కడ నిలబెట్టాలో చూసుకుంటుంది. ఇండోనేషియాకు 2012 నుంచి తొమ్మిది స్థాయిల సొంత చట్రం ఉంది. ఫిలిప్పీన్స్‌లో ఎనిమిది. ఇలాంటి వేర్వేరు కొలతల్ని పక్కపక్కన పెట్టి చూడటానికి ఉమ్మడి చట్రం పనికొస్తుంది. అయితే అది సర్టిఫికెట్లను పోల్చగలదు గానీ, ఉద్యోగమిచ్చే యజమానిని ఒప్పించలేదు. ఆ పని పరస్పర గుర్తింపు ఒప్పందాలది.

ఆసియాన్‌లో ఎనిమిది వృత్తులకు ఇలాంటి ఏర్పాటు ఉంది. 2005లో ఇంజనీరింగ్‌తో మొదలై నర్సింగ్, వాస్తుశిల్పం, సర్వే, వైద్యం, దంతవైద్యం, అకౌంటింగ్ చేరాయి. 2012లో పర్యాటకం వచ్చింది. మొదటి ఏడూ కళాశాల పట్టాతోనో, వృత్తి మండలిలో నమోదుతోనో ముడిపడిన వృత్తులు. చేతిపనికి చోటిచ్చింది పర్యాటకం ఒక్కటే. అందుకే దాన్ని కొంచెం నిదానంగా చూడాలి.

పర్యాటక ఒప్పందం 32 ఉద్యోగాలకు వర్తిస్తుంది. హోటల్ ఫ్రంట్ ఆఫీసు, హౌస్‌కీపింగ్, వంటగది, వడ్డన, ట్రావెల్ ఏజెన్సీ, టూర్ నిర్వహణ దాని విభాగాలు. ఒక్కో ఉద్యోగానికి ఏమేం చేయగలగాలో విడివిడి అంశాలుగా రాశారు. హౌస్‌కీపింగ్‌నే తీసుకుందాం. వచ్చే అతిథి కోసం గదిని శుభ్రం చేసి సిద్ధం చేయడం అందులో ఒక అంశం. బండి మీద సామాను సర్దుకోవడం, తలుపు తట్టి లోపలికి వెళ్లడం, పాత దుప్పట్లు తీసి పరుపు మీద మరకలున్నాయో లేవో చూడటం, పక్క వేయడం, బాత్‌రూమ్ కడగడం, ఏ మరకకు ఏ రసాయనం వాడాలో తెలియడం, పాత అతిథి మర్చిపోయిన వస్తువును అప్పగించడం, పాడైన బల్బు సంగతి పై అధికారికి చెప్పడం, ఇవన్నీ అందులో భాగాలే. నేర్చుకునేవారికి ఒక పుస్తకం, నేర్పేవారికి ఒకటి, పరీక్షించేవారికి ఒకటి తయారుచేశారు. పరీక్షకుడు కాగితం మీద ప్రశ్నలు అడగొచ్చు, నోటితో అడగొచ్చు, పని చేస్తుండగా పక్కన నిలబడి చూడొచ్చు.

ఈ పద్ధతిలో గొప్పతనం ఎక్కడుందంటే, అభ్యర్థి ఆ పని ఎక్కడ నేర్చుకున్నాడన్నది ఇక్కడ ప్రధానం కాదు. బడిలో నేర్చుకున్నా, అమ్మ నడిపే చిన్న లాడ్జిలో నేర్చుకున్నా, పరీక్షకుడి ముందు గది సిద్ధం చేసి చూపిస్తే చాలు. జీవితకాల అభ్యసనం అనే మాటకు ఇంతకంటే సూటి ఆచరణ నాకు కనిపించలేదు. నెగ్గినవారి పేర్లు నమోదు చేయడానికి 2016లో ప్రాంతీయ వ్యవస్థ కూడా వచ్చింది. అయితే ఆ సర్టిఫికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన వీసా రాదు. పని అనుమతి ఎవరికివ్వాలన్నది ఆయా దేశాల చట్టాల చేతిలోనే ఉంది. ఒప్పందం తలుపు చూపించింది గానీ తాళం తీయలేదు.

ఆ ఎనిమిది వృత్తుల బయట ఉండిపోయినవారి సంగతే అన్నిటికంటే బరువైనది. ఆగ్నేయాసియాలో సరిహద్దులు దాటి పనికి వెళ్లేవారు ప్రధానంగా దంతవైద్యులూ వాస్తుశిల్పులూ కారు. మయన్మార్, కంబోడియా, లావోస్‌ల నుంచి థాయ్‌లాండ్ వెళ్లే కూలీలు, ఇండోనేషియా నుంచి మలేషియా తోటలకు వెళ్లేవారు, సింగపూర్ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. వీరి పనులకు ఎలాంటి ఆసియాన్ గుర్తింపు ఒప్పందమూ లేదు. ఫిలిప్పీన్స్ తన వంతు తాను చేసింది. 1994లో ఏర్పడిన ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ టెస్డా ఇంటిపనికి కూడా జాతీయ ప్రమాణం రాసింది. పరదేశానికి ఇంటిపనికి వెళ్లే మహిళలు ఆ పరీక్ష నెగ్గాలనే పద్ధతిని ప్రభుత్వం పెట్టింది. చేర్చుకునే దేశం దాన్ని నైపుణ్యంగా లెక్కగట్టకపోతే మాత్రం ఆ సర్టిఫికెట్ జీతం పెంచే పత్రం కాదు, ప్రయాణానికి కావలసిన మరో కాగితం అవుతుంది. పక్క వేయడం హోటల్లో అయితే ప్రాంతీయ ప్రమాణం ఉన్న నైపుణ్యం, పరాయి ఇంట్లో అయితే లెక్కలోకి రాని చాకిరీ. ఈ తేడాకు పనిలో ఎలాంటి ఆధారమూ లేదు. చవకగా దొరికే శ్రమను చవకగానే ఉంచాలనుకోవడం వల్ల వచ్చిన తేడా ఇది. తాపీ పని, ప్లాస్టరింగ్ వంటివాటిలో థాయ్‌లాండ్‌కూ పొరుగు దేశాలకూ మధ్య ప్రమాణాలు సరిపోల్చే ప్రయత్నాలు అంతర్జాతీయ కార్మిక సంస్థ తోడ్పాటుతో జరిగాయి. ఆశ పెట్టుకోదగ్గది అలాంటి పని మీదే.

జీవితకాల అభ్యసనంలో సింగపూర్‌ను అందరూ ఆదర్శంగా చూపిస్తారు. 2015లో మొదలైన స్కిల్స్‌ఫ్యూచర్ కింద 25 ఏళ్లు నిండిన ప్రతి పౌరుడికీ చదువు ఖర్చు కోసం 500 సింగపూర్ డాలర్ల ఖాతా ఇచ్చారు. 2024లో 40 ఏళ్లు నిండినవారికి మరో 4,000 డాలర్లు కలిపారు. నడివయసులో మళ్లీ చదువుకునే హక్కుకు డబ్బు రూపం ఇవ్వడం మెచ్చుకోదగ్గ పని. కానీ అది పౌరులకే. ఆ దేశంలో భవనాలు కడుతున్న విదేశీ కార్మికులకు వేరే దారి. వారు సొంత దేశంలో ఉండగానే, సింగపూర్ భవన నిర్మాణ సంస్థ ఆమోదించిన కేంద్రాల్లో నైపుణ్య పరీక్ష నెగ్గి రావాలి. అలాంటి కేంద్రాలు మన దేశంలోనూ ఉన్నాయి. ఎక్కువ నైపుణ్యం ఉన్నట్టు నమోదైన కార్మికుడి మీద యజమాని ప్రభుత్వానికి కట్టాల్సిన లెవీ తగ్గుతుంది. అంటే నైపుణ్యానికి విలువ కట్టారు. అందులో కార్మికుడి వాటా ఎంతన్నది మాత్రం యజమాని దయకు వదిలేశారు.

తెలుగువాళ్లకు ఈ చర్చ దూరపుది కాదు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా గల్ఫ్‌కు వెళ్తున్నవారిలో ఎందరో లేబర్ వీసా మీద వెళ్లి, అక్కడ సెంట్రింగ్, ఇనుప చువ్వలు కట్టడం, పైపుల పని నేర్చుకున్నారు. వచ్చిన పనికి కాగితం లేదు. తిరిగి వచ్చాక ఆ అనుభవాన్ని ఇక్కడ లెక్కించేవారూ తక్కువ. ఈమధ్య సౌదీ అరేబియా ప్లంబింగ్, వెల్డింగ్, ఎలక్ట్రికల్ వంటి కొన్ని వృత్తులకు మన దేశంలోనే పరీక్ష పెట్టి, నెగ్గినవారినే తీసుకునే పద్ధతి తెచ్చింది. పరీక్ష రావడం మంచిదే. అయితే ప్రశ్నపత్రం ఒక్క పక్షం రాసినంతకాలం అది వడపోతగానే ఉంటుంది. 2013 డిసెంబరు నుంచి మనకూ జాతీయ నైపుణ్య అర్హతల చట్రం ఉంది. పనిలో నేర్చుకున్నదాన్ని పరీక్షించి గుర్తించే పథకాలూ ఉన్నాయి. గల్ఫ్ దేశాలతో కార్మిక ఒప్పందాలు రాసుకునేటప్పుడు మన చట్రంలోని ఏ స్థాయి వారి దగ్గర ఏ వేతన శ్రేణికి సమానమో వృత్తుల వారీగా రాయించుకోవాలి. తాపీ పని, సెంట్రింగ్, ఇంటిపని ముందు రావాలి, ఇంజనీరింగ్ తర్వాత రావచ్చు. తిరిగొచ్చినవారి కోసం వలస జిల్లాల ఐటీఐలలోనే పరీక్షకులు ఉండాలి. సెంట్రింగ్ మేస్త్రీని రాతపరీక్షకు కూర్చోబెట్టకుండా, చెక్కలూ జాకీలూ ఇచ్చి శ్లాబుకు పెట్టె కట్టించి చూడాలి. ఆ పరీక్ష నెగ్గినవారికి అదే ఐటీఐలో పిల్లలకు పని నేర్పే అవకాశం కూడా ఇవ్వాలి.