తెర పెరిగింది, లోతు తగ్గింది

తెనాలి పక్కనే ఉన్న బుర్రిపాలెంలో పుట్టిన నటుడు కృష్ణ, తన నూరో సినిమాను తెలుగులో తొలి సినిమాస్కోప్‌గా తీశారు. 1974 మే 1న విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’ అది.

హాలీవుడ్‌లో 1953 నాటి ‘ది రోబ్’తో మొదలైన ఈ వెడల్పు తెర పద్ధతిలో లెన్సు దృశ్యాన్ని అడ్డంగా సగానికి కుదించి ఫిల్ము మీదికి ఎక్కిస్తుంది, హాల్లో ప్రొజెక్టర్ దాన్ని మళ్లీ సాగదీస్తుంది. మామూలు 25 ఎం.ఎం. లెన్సు పట్టే వెడల్పుకు ఇక్కడ 50 ఎం.ఎం. వాడాలి. చిక్కంతా అక్కడే. ఫోకల్ లెంగ్త్ పెరిగేకొద్దీ ముందూ వెనకా స్పష్టంగా కనిపించే మేర కుంచించుకుపోతుంది. చెట్ల నీడలో వెలుతురు చాలక అపర్చర్ తెరిస్తే ఇంకా తగ్గుతుంది. చింతపల్లి అడవుల్లో ముందు రామరాజు, వెనక మన్యం జనం ఒకేసారి తేటగా కనబడాలంటే ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామికి మంచి ఎండ కావాలి, నటులకూ కెమెరాకూ మధ్య దూరం కావాలి.

ఈ పనిలో ఫోకస్ సహాయకుల నైపుణ్యం గొప్పది. కెమెరాలో ఫిల్ము ఉండే తలం నుంచి నటుడి కంటిదాకా టేపుతో కొలుస్తారు; నటుడు కదిలితే ఆ లెక్కకే రింగు తిప్పుతారు. అప్పట్లో సెట్లో మానిటర్ లేదు. ల్యాబులో ఫిల్ము కడిగాకే తప్పొప్పులు తెలిసేవి.